డెల్టా చివర హైడ్రోజన్ చదువు

గుడివాడ స్టేషన్ నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో ఎరువుల కొట్టు ముందు లారీ ఆగి ఉంది. హమాలీలు యూరియా బస్తాలు దింపుతున్నారు. సార్వా నాట్లు ఊపందుకున్న రోజులు. లారీ పక్కన సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, పాస్‌బుక్కులు పట్టుకుని నిలబడ్డ రైతులు. 45 కిలోల బస్తాకు రైతు ఇచ్చేది రూ. 266.50. నేను ఈ ప్రయాణం పెట్టుకున్నదే హైడ్రోజన్ గురించి కాబట్టి ఆ బస్తాను చూడగానే మనసులో లెక్క మొదలైంది. యూరియాకు అమ్మోనియా కావాలి. అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి. ఒక్క బస్తా యూరియా వెనక కనీసం నాలుగున్నర కిలోల హైడ్రోజన్ ఉంటుంది. ఇవాళ మన దేశంలో అదంతా దాదాపుగా సహజవాయువు నుంచి తీస్తున్నదే. అంటే కృష్ణా డెల్టా రైతు తరాలుగా హైడ్రోజన్‌ని బస్తాల్లో కొంటూనే ఉన్నాడు. దాన్ని తయారుచేసే పని మాత్రం ఇక్కడి పిల్లల చేతికి ఇంతవరకూ రాలేదు.

ఆ పని ఇప్పుడు రాష్ట్రంలోకి వస్తోంది. సహజవాయువు బదులు సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి తీసేదాన్ని గ్రీన్ హైడ్రోజన్ అంటారు. 2023 జనవరి 4న కేంద్ర మంత్రివర్గం రూ. 19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు తయారుచేయాలని, ఆరు లక్షల ఉద్యోగాలు రావాలని అందులో రాసుకున్నారు. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని విశాఖ నుంచి శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ దాని లక్ష్యం. కాకినాడలో గ్రీన్ అమ్మోనియా కర్మాగారం లేస్తోంది. అదే ఏడాది జూలైలో నీరుకొండలోని ఎస్సారెమ్ విశ్వవిద్యాలయంలో రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్‌తో కలిసి గ్రీన్ హైడ్రోజన్ సదస్సు జరిగింది. రాష్ట్రాన్ని గ్రీన్ హైడ్రోజన్ వ్యాలీ చేస్తామన్న ప్రకటన ఆ సదస్సు ఊపులోనే వెలువడింది. విశ్వవిద్యాలయాలూ కంపెనీలూ ప్రభుత్వమూ ఒక వేదిక మీద కూర్చున్నాయి. మంచిదే. నీరుకొండ నుంచి కిందికి, నది పారే వైపుగా వస్తే గుడివాడ, బందరు (మచిలీపట్నం), దివిసీమ. ఇక్కడి ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో, డిగ్రీ కాలేజీల్లో చదివే పిల్లలకు ఆ వేదిక నుంచి దిగే మెట్లు ఎక్కడున్నాయో చూడాలన్నది నా కోరిక.

గుడివాడ నుంచి ముదినేపల్లి, కైకలూరు వైపు వెళ్తే పొలాలకన్నా చెరువులే ఎక్కువ కనిపిస్తాయి. తెల్లవారుజామున ఒక చేపల చెరువు గట్టు మీద నిలబడ్డాను. మబ్బు పట్టి గాలి ఆడని రాత్రి తర్వాత వచ్చిన తెల్లవారు అది. చెరువుల మీద బతికేవాళ్ళకు అంతకన్నా భయపెట్టే వేళ లేదు. రాత్రంతా నీళ్ళలోని నాచు కూడా ప్రాణవాయువు పీల్చేసుకుంటుంది. పొద్దు పొడిచే వేళకు అది అడుగంటుతుంది. చేపలు నోళ్ళు తెరుచుకుని నీటి మీదికి తేలుతాయి. కాపలా ఉన్న కుర్రాడు చేతిలోని మీటరు కడ్డీని నీళ్ళలో ముంచి, అంకె చూసి, పరుగున వెళ్ళి ఏరేటర్ల స్విచ్చి వేశాడు. "మూడు కిందకి దిగిందండీ, అయిదుంటేనే నిద్ర పట్టుద్ది" అన్నాడు. లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ మిల్లీగ్రాముల్లో అతను చెప్పిన లెక్క అది. ఇంటర్ తప్పాడట. కానీ ఏ గంటకు ఆ అంకె ఎంత ఉంటుందో, వాన పడితే ఎటు కదులుతుందో మీటరు లేకుండా చెప్పగలడు.

నీటిని కరెంటుతో విడగొడితే కిలో హైడ్రోజన్‌కు ఎనిమిది కిలోల ఆక్సిజన్ వస్తుంది. చాలా చోట్ల దాన్ని గాలిలోకి వదిలేస్తారు. కోట్ల చేపలు తెల్లవారుజామున ఊపిరికి అల్లాడే ఈ ప్రాంతంలో నీటిని అలా విడగొట్టే ఒక చిన్న యంత్రం, ఎలక్ట్రొలైజర్, పెడితే, దాని ఆక్సిజన్‌కి అడుగు దూరంలో గిరాకీ ఉంటుంది. దూరం మోస్తే గిట్టుబాటు కాదు కాబట్టి ఇది చెరువుల మధ్యే చేసి చూడాల్సిన ప్రయోగం. డెల్టా కాలేజీలు చేయాల్సిన పరిశోధన ఇలాంటిది. ఇంకెవరికీ దీని అవసరం లేదు, కనుక ఇంకెవరూ చేయరు.

గుడివాడలో 1950 నాటి కళాశాల ఉంది. అక్కినేని నాగేశ్వరరావు లక్ష రూపాయల విరాళమిచ్చి నిలబెట్టినది, ఏఎన్నార్ కాలేజీ. అక్కడి నుంచి బందరు రైలెక్కితే కాసేపటికే గుడ్లవల్లేరు. 1998లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ, దానికి ముందే వచ్చిన పాలిటెక్నిక్ ఆ ఊళ్ళోనే ఉన్నాయి. ఈ కొద్ది దూరంలోనే మన చదువుల చిక్కు తెలిసిపోతుంది. డిగ్రీ కాలేజీ కృష్ణా విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. ఇంజినీరింగ్ కాలేజీ కాకినాడ జేఎన్టీయూ కిందికి వస్తుంది. పాలిటెక్నిక్‌కు సాంకేతిక విద్యా మండలి పరీక్షలు పెడుతుంది. ఐటీఐకి వేరే శాఖ, వేరే సర్టిఫికెట్. ఒక ఎలక్ట్రొలైజర్‌ని నడపాలంటే రసాయనం తెలిసినవాడు, కరెంటు తెలిసినవాడు, పైపు బిగించేవాడు, వెల్డింగ్ చేసేవాడు నలుగురూ ఒకే గదిలో ఉండాలి. మన దగ్గర ఆ నలుగురూ నాలుగు ప్రాంగణాల్లో ఉంటారు. డిప్లొమా వాళ్ళు ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరే ఒక్క దారి తప్ప, ఒకరి బల్ల దగ్గర ఇంకొకరు నిలబడే సందర్భం చదువు మొత్తంలో రాదు.

విద్యాసంస్థల సహకారం అనగానే మనకు గుర్తొచ్చేది ఇద్దరు ఉపకులపతులు ఫైళ్ళు మార్చుకుంటున్న ఫొటో. నాకు కావలసిన సహకారం దాని కింది అంతస్తులోది. గుడ్లవల్లేరు పాలిటెక్నిక్ కుర్రాడు వారానికి ఒక పూట బందరు డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఉండాలి. బీఎస్సీ అమ్మాయి ఐటీఐ షెడ్డులో స్టెయిన్‌లెస్ గొట్టం వంచడం, బిగించడం, సబ్బు నీళ్ళతో లీకు పట్టడం నేర్చుకోవాలి. డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక బందరు పిల్లలు దాన్ని ఎక్కడ చేయాలో తెలియక ఏదో ఒక కాగితం తెచ్చుకుంటున్నారని ఒక అధ్యాపకురాలు బాధపడ్డారు. ఆ నెలల్ని ఇలా వాడుకోవచ్చు. దీనికి కొత్త చట్టం అవసరం లేదు, హాజరు పట్టీలో ఒక గడి చాలు.

కవుతరం, వడ్లమన్నాడు, పెడన దాటి చిలకలపూడిలో దిగాను. రోల్డ్ గోల్డ్ నగలకు దేశమంతా తెలిసిన పేరు చిలకలపూడి. పోతేపల్లిలో ఆ నగల తయారీదారులకు ఒక పార్కు కూడా ఉంది. నేను వెళ్ళింది ఇంటి వెనక రేకుల షెడ్డులో నడిచే ఒక చిన్న ప్లేటింగ్ గదికి. ప్లాస్టిక్ తొట్టి. అంచుల మీద అడ్డంగా రెండు రాగి కడ్డీలు. ఒక కడ్డీకి తీగలతో కట్టి వేలాడదీసిన గాజులు, లాకెట్లు, నల్లపూసల గొలుసుల కొక్కేలు. గోడకు రెక్టిఫైరు, దాని మీద ఓల్టులకూ ఆంపియర్లకూ రెండు ముళ్ళు. వేడెక్కిన ద్రావణం మీద సన్నటి ఆవిరి. అరవై దాటిన పనివాడు ఆ ముళ్ళను చూడటం లేదు. నగ అంచునే చూస్తున్నాడు. నాబు కాస్త తిప్పాడు. లాకెట్ చుట్టూ ఆవగింజలకన్నా చిన్న బుడగలు బయల్దేరాయి. వెంటనే వెనక్కి తిప్పాడు.

"బుడగలొస్తే పూత మాడిపోద్దండీ. కరెంటు బంగారం మీదికి పోకుండా ఆ గాలికి పోద్ది" అన్నాడు.

ఆ గాలే హైడ్రోజన్. అతనికి అది దండగ, పూడిమడకలో అదే సరుకు. తొట్టి, ద్రావణం, రెండు ధ్రువాలు, రెక్టిఫైరు, వేడి, కరెంటు సాంద్రత: ఆల్కలైన్ ఎలక్ట్రొలైజర్‌లోనూ ఉండేవి ఇవే. అక్కడ ద్రావణం గాఢమైన పొటాషియం హైడ్రాక్సైడ్, ధ్రువాలు నికెల్ పూసినవి, రెండు వాయువులూ కలవకుండా మధ్యలో ఒక పొర. ఏ ద్రావణం పాతబడిందో, ఏ కడ్డీ మీద పాచి పేరుకుందో, ఎక్కడ కనెక్షన్ వేడెక్కుతోందో కంటితోనూ చేతితోనూ పసిగట్టే మనుషులు చిలకలపూడిలో తరాలుగా ఉన్నారు. హైడ్రోజన్ రంగానికి ఏ నైపుణ్యాలు కావాలో రాసే కమిటీల్లో వీళ్ళ వృత్తి పేరు ఉండాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ షెడ్లలో సైనైడ్ ద్రావణాలు వాడతారు. ఆ పెద్దాయన చేతులకు తొడుగులు లేవు, గదికి కిటికీ ఒక్కటే. ఆయన నేర్పగలిగినది కాలేజీ నేర్చుకోవాలి, కాలేజీకి తెలిసిన భద్రత ఆయన గదికి చేరాలి. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉంటేనే నేను దాన్ని సహకారం అంటాను.

బందరుకు ఈ ఆలోచన కొత్త కాదు. వందేళ్ళకు పూర్వమే ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల పుట్టింది. వందేమాతరం ఉద్యమ వేడిలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య పూనుకుని కట్టుకున్న బడి అది, 1910లో తెరుచుకుంది. పుస్తకాల చదువుతో పాటు నేత, వడ్రంగం, యంత్రాల పని నేర్పాలన్నది వాళ్ళ పట్టుదల. పింగళి వెంకయ్య ఇక్కడ పాఠాలు చెప్పారు. అడివి బాపిరాజు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. హనుమంతరావు ప్లీడరు చదువు చదివి కూడా ఆ వృత్తిని కాదనుకుని జీవితాన్ని ఈ బడికి ధారపోశారు. 1922లో పోయారు. ఆ ప్రాంగణం ముందు నిలబడితే నాకు కళ్ళు చెమర్చాయి. మగ్గం, రంపం ఉన్న చోటే వేదాంతమూ చిత్రలేఖనమూ చెప్పగలమని నమ్మిన మనుషులు ఈ ఊళ్ళో తిరిగారు. అదే ఊళ్ళో 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ మొదలై బడులకు, కాలేజీలకు ప్రయోగశాల పరికరాలు చేసి పంపింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఇవాళ సైన్యం చీకట్లో చూడటానికి వాడే పరికరాలు అక్కడ తయారవుతున్నాయి.

కంటికి కనపడనిదాన్ని చూడటం హైడ్రోజన్ పనిలోనూ అవసరమే. హైడ్రోజన్ మంట పగటి వెలుగులో కంటికి కనపడదు. పూర్వం కొన్ని కర్మాగారాల్లో పనివాళ్ళు చీపురు ముందుకు చాపుకుని నడిచేవాళ్ళు. చీపురు అంటుకుంటే ఎదురుగా మంట ఉందని తెలుసుకునేవాళ్ళు. ఇప్పుడు అతినీలలోహిత సెన్సార్లు, వేడిని పసిగట్టే కెమెరాలు వచ్చాయి. గాలిలో నూటికి నాలుగు పాళ్ళ నుంచి డెబ్భై అయిదు పాళ్ళ దాకా ఎంత కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది. దానికి కావలసిన నిప్పురవ్వ కూడా అతి చిన్నది. కొన్ని రకాల ఉక్కులోకి చొరబడి వాటిని పెళుసుగా చేస్తుంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో తెల్లవారుజామున గ్యాస్ పైపులైను పేలి ఇళ్ళకిళ్ళు తగలబడిపోయిన సంగతి డెల్టా ప్రజలు మరవలేదు. లింగాల, బంటుమిల్లి వైపు ఓఎన్‌జీసీ బావుల పక్కన బతికేవాళ్ళకు గ్యాస్ అంటే ఏమిటో తెలుసు. కాబట్టి ఇక్కడ హైడ్రోజన్ పాఠ్యప్రణాళికలో మొదటి పాఠం భద్రత కావాలి. అది నేర్పడానికి దృశ్య పరికరాల నిపుణులున్న ఫ్యాక్టరీ, గ్యాస్ బావుల ఇంజినీర్లు, కాలేజీలు ఒక్క బస్సు ప్రయాణం దూరంలోనే ఉన్నాయి.

బందరులో డచ్చివాళ్ళ సమాధులు చూశాను. 1605 ప్రాంతంలో వాళ్ళు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. రాళ్ళ మీద వంశ చిహ్నాలు, పేర్లు తుడిచిపెట్టుకుపోతున్నాయి. ఆ డచ్చి దేశపు ఉత్తరాన గ్రోనింగెన్ అనే ప్రాంతం ఉంది. 1959లో అక్కడ పెద్ద సహజవాయు నిక్షేపం బయటపడింది. దశాబ్దాల పాటు తోడితే నేల కంపించడం మొదలై, ఇళ్ళు బీటలువారాయి. 2023లో తవ్వకం ఆపేశారు. గ్యాస్ మీద బతికిన ఆ ప్రాంతం ఇప్పుడు హైడ్రోజన్ వైపు తిరిగింది. ఐరోపాలో హైడ్రోజన్ వ్యాలీ అన్న మాట ముందుగా దక్కించుకున్నది అదే. అక్కడి హాంజె అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయం, నూర్డర్‌పోర్ట్ లాంటి వృత్తి విద్యా కళాశాలలు హైడ్రోజన్ చదువును పంచుకుంటున్నాయి. సిద్ధాంతం ఒక చోట, స్పానర్ పట్టే పని ఇంకో చోట అని విడదీయలేదు. గ్యాస్, సముద్రం, లోతట్టు నేల మనకూ ఉన్నాయి.

రుద్రవరంలో ఉన్నది 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం. విశాలమైన ఆవరణ, దూరాన ఉప్పుగాలి. మంగినపూడి దగ్గర 2023 మేలో మొదలైన ఓడరేవు పనులకు వెళ్ళే లారీలు ఆ రోడ్డు మీదే పోతుంటాయి. చమురు శుద్ధి కర్మాగారం బందరుకు వస్తుందని ఇక్కడి జనం ఎంతో ఎదురుచూశారు, అది రామాయపట్నం వైపు వెళ్ళింది. కర్మాగారం వచ్చాకే చదువు తెద్దామనుకుంటే బందరు ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటుంది. మంగళూరు, జామ్‌నగర్ రిఫైనరీల్లో గుడివాడ వెల్డర్లు కనిపిస్తారు. పని ఎక్కడున్నా చేతికి చదువుంటే కుర్రాడు అక్కడికి చేరతాడు.

బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమలోకి దిగితే నీటి మాట తప్ప ఇంకో మాట వినపడదు. కాలువల చిట్టచివరి భూములు ఇవి. వేసవిలో కాలువ నీరు అందదు, బోరు వేస్తే ఉప్పు. 1977 నవంబర్ 19 ఉప్పెన పోయినవాళ్ళ గుర్తుగా కట్టిన స్తూపం ముందు ఆగి నమస్కరించి నాగాయలంక వైపు వెళ్ళాను. దారిలో ప్రతి ఊళ్ళోనూ ఆర్వో ప్లాంటు ఉంది. ఒక దాంట్లో ఇరవై లీటర్ల క్యాన్లు నింపుతున్న అమ్మాయి ఐటీఐ చదివిందట. పొద్దుటే మెంబ్రేన్ల పీడనం చూసి పలకమీద రాస్తుంది. నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ముంచి, "పొద్దున ముప్ఫై ఎనిమిదండీ, ఇప్పుడు నలభై రెండు. మెంబ్రేను కడగాలి" అని చెప్పింది. ఎలక్ట్రొలైజర్‌కు ఇంతకన్నా ఎంతో శుద్ధమైన నీరు కావాలి, లవణాలు దాదాపు శూన్యం. ఇదే ఆర్వో నీటిని రెండోసారి వడకట్టి, రెజిన్ గొట్టాల గుండా పంపితే అది వస్తుంది. ఆమె అప్పటికే సగం దారి నడిచింది.

దివిసీమలో ఈ మాట ఎత్తితే ఒక పెద్ద రైతు నిలదీశాడు. "మాకు తాగడానికే నీళ్ళు లేవు. మీరు ఆ నీళ్ళని విడగొట్టి గ్యాస్ చేత్తారా?" ఆయన కోపం న్యాయమైనది. కిలో హైడ్రోజన్‌కు రసాయన లెక్క ప్రకారమే తొమ్మిది లీటర్ల నీరు, శుద్ధిలో పోయేది కలిపితే పదికి పైనే. పూడిమడక లక్ష్యాన్ని దీనితో హెచ్చిస్తే రోజుకు కోటిన్నర లీటర్లు దాటుతుంది. కాలువ నీటిని ముట్టుకోవడానికి ఎవరికీ హక్కు లేదు. సముద్రపు నీటిలో ఉప్పు తీయడానికి వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు చాలు. అంటే కిలో హైడ్రోజన్‌కు అవసరమైన నీటికి యూనిట్‌లో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. అదే నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి యాభై యూనిట్లకు పైగా పడుతుంది. సముద్రాన్ని పక్కన పెట్టుకుని కాలువ నీటి మీద చేయి వేసే ప్రాజెక్టు ఏదైనా డబ్బు మిగుల్చుకోవడం కోసం కాదు, బద్ధకం వల్లే అలా చేస్తోందని ఈ లెక్క తెలిసిన గ్రామం నిలదీయగలదు. శిక్షణ ఉద్యోగం కోసమే కాదు, ఇలాంటి ప్రశ్న వేయడానికి కూడా. ఉప్పు తీశాక మిగిలే చిక్కటి ఉప్పునీటిని తిరిగి ఎక్కడ వదులుతారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. కృష్ణా అభయారణ్యపు మడ అడవులు, వేటకు వెళ్ళే పల్లెలు ఈ తీరంలోనే ఉన్నాయి.

అవనిగడ్డలో సాయంత్రం వీధుల్లో పుస్తకాలు పట్టుకున్న యువతీ యువకులే. డీఎస్సీ కోచింగ్‌కు రాష్ట్రమంతా ఎరిగిన ఊరు ఇది. శ్రీకాకుళం నుంచీ, అనంతపురం నుంచీ వచ్చి ఇక్కడి ఇళ్ళలో అద్దెకుండి చదువుతారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు ఉన్నాయి. వాటికి కొన్ని లక్షల మంది రాశారు. టీ కొట్టు దగ్గర ఒక బీఎస్సీ బీఈడీ కుర్రాడు నా కథంతా విని సూటిగా అడిగాడు. "సార్, హైడ్రోజన్ నేర్చుకుంటే ఉద్యోగం ఎక్కడండీ?"

అతనికి నిజమే చెప్పాను. ఇవాళ చాలా తక్కువ. ధర ఇంకా దిగలేదు. 2025లో ఒక వేలంలో గ్రీన్ అమ్మోనియా కిలో రూ. 55.75కి పలికింది, అది తక్కువ ధరని అందరూ మెచ్చుకున్నారు. ఆ లెక్కన గుడివాడలో చూసిన ఒక్క యూరియా బస్తాకు సరిపడే అమ్మోనియాకే పధ్నాలుగు వందల రూపాయలు దాటుతుంది. కట్టేటప్పుడు వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు వేలల్లో కావాలి. కట్టాక నడపడానికి కొద్దిమందే. అందుకని డెల్టా పిల్లలకు నాలుగేళ్ళ హైడ్రోజన్ డిగ్రీ అమ్మడం అన్యాయం. వాళ్ళకున్న వృత్తి మీద కొన్ని వారాల అదనపు శిక్షణ కావాలి. వెల్డర్‌కు హైడ్రోజన్ తట్టుకునే ఉక్కు గురించి, ఎలక్ట్రీషియన్‌కు పెద్ద రెక్టిఫైర్ల గురించి, ఆర్వో అమ్మాయికి రెజిన్ల గురించి, కెమిస్ట్రీ పట్టభద్రుడికి గ్యాస్ స్వచ్ఛత కొలవడం గురించి. హైడ్రోజన్ ఆలస్యమైనా ఆ నైపుణ్యం ఎరువుల ఫ్యాక్టరీలోనో, రిఫైనరీలోనో, మందుల కంపెనీలోనో అన్నం పెడుతుంది. అతను కాసేపు ఆలోచించి, "మరి నేర్పేవాళ్ళకు ఎవరు నేర్పుతారండీ?" అన్నాడు.

ఈ ప్రయాణంలో నేను విన్న ప్రశ్నల్లో ఇదే అసలైనది. కేంద్రం 2024 మార్చిలో హైడ్రోజన్ నైపుణ్య శిక్షణకు మార్గదర్శకాలిచ్చింది. 2029-30 దాకా దానికి కేటాయించినది మొత్తం దేశానికి రూ. 35 కోట్లు. మిషన్‌కు పెట్టిన రూ. 19,744 కోట్ల పక్కన ఆ అంకె చాలా చిన్నది. ప్రతి కాలేజీకీ ఒక ల్యాబ్ అన్న ఆశ పెట్టుకోలేం. ఉన్నదాన్ని పంచుకోవాల్సిందే. 2016లో విశాఖలో పెట్రోలియం, ఎనర్జీ సంస్థ మొదలైనప్పుడు సొంత గోడలు లేవు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలోనే తరగతులు మొదలుపెట్టి, ఐఐటీ ఖరగ్‌పూర్ అండతో నిలదొక్కుకుంది. అలాంటి ఇరుగుపొరుగు సాయం డెల్టాలో కావాలి. పది కిలోవాట్ల ఎలక్ట్రొలైజర్ ఒక్కటి చాలు, గంటకు రెండు వందల గ్రాములకు కాస్త తక్కువ హైడ్రోజన్ ఇస్తుంది. దాన్ని బందరులో పెట్టమంటాను. గుడివాడ నుంచి రైలుంది, అవనిగడ్డ నుంచి బస్సులున్నాయి, ప్లేటింగ్ పనివాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. మొదటి విడతలో చేరాల్సింది విద్యార్థులు కారు. ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్లు, పాలిటెక్నిక్ లెక్చరర్లు, డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ మాస్టార్లు. వాళ్ళతో పాటు చిలకలపూడి నుంచి ఇద్దరు ప్లేటింగ్ పనివాళ్ళు, దివిసీమ నుంచి ఇద్దరు ఆర్వో ఆపరేటర్లు, నేర్చుకునేవాళ్ళుగా కాదు, నేర్పేవాళ్ళుగా, గౌరవ వేతనం మీద.